టోపీ పెట్టుకున్న జెడ్

ఆసుపత్రి అడుగంతస్తులో ఉండే లాండ్రీకి రెండు తలుపులు. మాసిన బట్టలు ఒక తలుపులోంచి వస్తాయి, ఉతికినవి రెండో తలుపులోంచి పోతాయి. వచ్చిన తలుపులోంచి ఏ గుడ్డా తిరిగి పోకూడదని అక్కడి రూలు. ఆ రూలు గుడ్డలకే గానీ మనుషులకు కాదు గనక, మూటలక్క పందొమ్మిదేళ్ళపాటు మాసిన తలుపులోంచే వచ్చి మాసిన తలుపులోంచే ఇంటికి పోయింది.

అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది, ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళే లేరు. వార్డుల నుంచి దొర్లుకుంటూ వచ్చే మూటలు విప్పి, దుప్పట్లు, దిండు గలేబులు, ఆపరేషన్ గౌన్లు లెక్కపెట్టి, కాటా మీద పెట్టి, చీటీ రాయడం ఆమె పని. మూట విప్పకుండా ముడి చూసే ఏ వార్డుదో చెప్పేసేది. పిల్లల వార్డు ఆయా ముడి చిటికెన వేలితో లాగితే వచ్చేస్తుందట, ఎముకల వార్డు వాళ్ళది మాత్రం పళ్ళతో లాగినా రాదట.

ఇంతకీ ఆమెకు జన్మశత్రువు ఒకటుంది, అది తడి చీటీ. తడి మూట మీద పెట్టిన చీటీలో సిరా కారిపోయి, నాలుగు కాస్తా తొమ్మిదయ్యేది, పిల్లల వార్డు దుప్పటి ఎముకల వార్డుకు పోయేది. ఆరడుగుల మనిషి మోకాళ్ళదాకా మాత్రమే వచ్చే దుప్పటి కప్పుకుని "ఇదేం న్యాయం తల్లీ" అని అరిస్తే, తిట్లు తినేది ఈవిడ.

ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో సిబ్బందికి కంప్యూటర్ క్లాసు పెట్టారు. సాయంత్రం ఐదు నుంచి ఆరు, ఎనిమిది వారాలు. పద్నాలుగు మంది చేరారు. మూడో వారానికి ముగ్గురు మిగిలారు, ఐదో వారానికి మూటలక్క ఒక్కతే. పాఠం చెప్పే సారు మంచివాడు కాబట్టి ఆ ఒక్కదానికే చెప్పాడు.

"సార్, చీటీలు తడవకుండా మూటల లెక్క రాసుకునే ప్రోగ్రాం చెయ్యాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది ఒకరోజు.

"నేను రాస్తే రెండు రోజులు. మీరు రాస్తే రెండు నెలలు."

"అయితే నేనే రాస్తాను సార్. రెండ్రోజుల్లో మీరు రాసిచ్చింది పాడైతే, మిమ్మల్ని ఎక్కడని వెతుక్కోను?"

నలభై నాలుగేళ్ళ మనిషి, చదువు ఆపేసి పాతికేళ్ళు దాటిన మనిషి, రాసింది! రెండు నెలలు కాదు, నాలుగు పట్టింది. నల్లటి తెర, దాని మీద ఒక్కో ప్రశ్న. వార్డు? దుప్పట్లు ఎన్ని? గౌన్లు ఎన్ని? బరువు? జవాబు కొట్టి ఎంటర్ నొక్కడం, తర్వాతి ప్రశ్నకు పోవడం. పొద్దుటి మూటలన్నీ అయ్యాక మొత్తం పట్టీ ఒక్కసారిగా ఉతికిన తలుపు వైపుకీ, వార్డులకీ వెళ్ళిపోతుంది. అందులో రంగుల్లేవు, బొమ్మల్లేవు. మొదటిసారి అది "వార్డు?" అని తననే అడిగినప్పుడు మూటలక్కకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

సూపర్నెంటు గారు కొత్తదేదైనా ముందు అనుమానించే రకం. ఒక నెల చూద్దామన్నాడు. నెల సాఫీగా గడిస్తే ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని కనిపెట్టుకుని ఉండే పని కూడా మూటలక్కదే అవుతుంది. మాసిన వైపుకీ ఉతికిన వైపుకీ మధ్య, కిటికీ పక్కన కౌంటరు, దాని వెనక కుర్చీ. గడవకపోతే మళ్ళీ చీటీలే, మళ్ళీ మాసిన తలుపే. ఊపిరితిత్తుల డాక్టరు ఆమె ఛాతీ ఫోటో చూసి, "ఆ బ్లీచింగ్ గాలిలో ఇంక వద్దమ్మా" అని చెప్పి అప్పటికి ఆర్నెల్లు. ఆ కుర్చీ ఆమెకు ఊరికే కూర్చోవడానికి కాదు, ఊపిరి పీల్చుకోవడానికి.

నెలలో మూడు వారాలు గడిచేసరికి ప్రోగ్రాం ఐదుసార్లు చచ్చింది.

చావడమంటే అలా ఇలా కాదు. నిక్షేపంగా ప్రశ్నలు అడుగుతూ అడుగుతూ ఉన్నట్టుండి తెర నిండా ఇంగ్లీషు కక్కేసి ఆగిపోయేది. అప్పటిదాకా కొట్టిన మూటల లెక్కంతా గంగపాలు. ఐదోసారి మంగళవారం నాడు ఆపరేషన్ గౌన్ల పట్టీ పోయింది. గౌన్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని పంపాలో తేలక, పైన ఒక ఆపరేషన్ గంట ఆలస్యమైంది. థియేటర్ సిస్టర్ మెట్లు దిగి వచ్చి మరీ కేకలేసింది. ఆవిడ వెనకాలే సూపర్నెంటు గారు వచ్చాడు.

"శుక్రవారం పదకొండింటికి వస్తాను. అప్పటికి ఇది ఎందుకు పోతోందో చెప్పాలి, ఇంక పోదని చూపించాలి. లేదంటే శనివారం నుంచి చీటీలే," అన్నాడు.

విచిత్రమేమిటంటే, ఐదుసార్లూ పొద్దుటి డ్యూటీలోనే చచ్చింది. పొద్దుటి డ్యూటీలో కౌంటరు దగ్గర కూర్చునేది టైపు మేడం.

టైపు మేడం గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు పై అంతస్తులో ఉత్తరాలు టైపు చేసిన మనిషి. ఆ సెక్షను ఎత్తేసి, రిటైరయ్యేదాకా ఉండమని ఆవిడను అడుగంతస్తుకు దించారు. నలగని చీర, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. టీ గ్లాసును కూడా రెండు చేతులతో, ఏదో పూలకుండీ పట్టుకున్నట్టు పట్టుకుని తాగుతుంది. "అబ్బో, ఏం సుకుమారం!" అని లాండ్రీలో అందరూ చాటుగా నవ్వుకునేవారు. తన సర్వీసులో ఒక్క అక్షరం తప్పు పోలేదని ఆవిడ రోజుకొకసారైనా చెబుతుంది.

"నేనేం చెయ్యలేదమ్మాయ్. ఎంటర్ కొట్టాను, చచ్చింది. ఇది నా చేతిలో తప్పు కాదు, నీ రాతలో తప్పు," అంది మంగళవారం.

బుధవారం పొద్దున మూటలక్క ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని రెండు గంటలు కూర్చుంది. మేడం వేళ్ళు వానచినుకుల్లా పడుతున్నాయి, ప్రోగ్రాం బుద్ధిమంతురాల్లా అడుగుతోంది. ఒక్కసారి చస్తే ఒట్టు! దొంగ దొరకాల్సిన రోజునే దొంగతనం మానేశాడు. మూటలక్కకు ఒళ్ళు మండిపోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళగానే పాత ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి అత్తగారిని కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, దీన్ని ఎలాగైనా పాడుచెయ్యాలి మీరు."

"నాకిలాంటివి చేతకావే."

"చేతకాని మనిషే కావాలి నాకు. కానివ్వండి."

పాడుచేయమని అడిగిన కోడలు లోకంలో ఎంతమందికి దొరుకుతుంది? అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని రంగంలోకి దిగింది. ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కింది. "ఏమీ చెప్పలేదు, మళ్ళీ చెప్పండి" అంది తెర. వెయ్యి దుప్పట్లంది. "అన్ని ఉండవు" అంది తెర. అంకెలు అడిగిన చోట అక్షరాలు కొట్టింది, మోచెయ్యి ఆనించింది, చివరికి విసుగొచ్చి అరచేత్తో చరిచింది. ప్రోగ్రాం చెక్కుచెదరలేదు.

"మొండిఘటం. నీలాగే ఉంది," అంది అత్తగారు, ఓడిపోయినందుకు కాస్త చిన్నబుచ్చుకుని.

ఇంక మిగిలిన ఆధారం ఒక్కటే. మంగళవారం ప్రోగ్రాం చచ్చినప్పుడు ఇస్త్రీ రోలరు నడిపే ఆయన తన ఫోన్లో తెర ఫోటో తీసి పంపాడు. అందులోని ఇంగ్లీషును మూటలక్క అప్పటికి నలభైసార్లు చదివింది. ప్రోగ్రాంలో ముప్ఫై ఒకటో వరస దగ్గర నల్ వచ్చిందని దాని సారాంశం. సారు వదిలి వెళ్ళిన లావుపాటి పుస్తకం తెరిచి మళ్ళీ చూసింది. కీబోర్డు నుంచి వచ్చే వరసను చదివే ఆదేశం దగ్గర సన్నక్షరాల్లో ఉంది: చదవడానికి ఇంక వరసలేవీ లేకపోతే నల్ వస్తుంది.

"నల్లంటే ఏమిటే? ఖాళీయా?" అంది అత్తగారు.

"కాదత్తయ్యా. ఖాళీ గిన్నె వేరు, గిన్నే లేకపోవడం వేరు. మీరు ఏమీ కొట్టకుండా ఎంటర్ నొక్కారే, అది ఖాళీ గిన్నె. దానికి నేను జాగ్రత్తపడ్డాను. నల్లంటే అసలు గిన్నే లేదు. నా ప్రోగ్రామేమో జవాబు రాగానే అటూ ఇటూ ఉన్న ఖాళీలు కత్తిరిస్తుంది. జవాబే లేకపోతే దేన్ని కత్తిరిస్తుంది? లేని జుట్టుకు జడ వెయ్యబోయి చచ్చింది."

"అంటే పిలిస్తే పలక్కపోవడం కాదు, ఇంట్లో మనిషే లేకపోవడం అన్నమాట."

"అదే! మరి మేడం కుర్చీలో కూర్చునే ఉందిగా? మనిషి ఉండగా మనిషి లేదని దానికి ఎవరు చెప్పారు?"

అత్తగారు ఫోటోను ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఇదేమిటే, ఈ అక్షరానికి టోపీ పెట్టారు?"

"ఏ అక్షరానికి?"

"ఇదిగో, చివరి ప్రశ్న పక్కన. జెడ్డు. దాని ముందు చిన్న టోపీ."

మూటలక్క దాన్ని నలభైసార్లూ చూసింది. లాండ్రీలో ఎగిరే నూలుపోగు తెరకు అంటుకుందని అనుకుంది, అంతే. ఇప్పుడు ఫోటోను లాక్కుని మళ్ళీ చూసింది. టోపీ, జెడ్. కంట్రోల్ మీట పట్టుకుని జెడ్ నొక్కితే తెర మీద అలాగే పడుతుందని సారు ఎప్పుడో ఒక మూల చెప్పినట్టు గుర్తు. పై అంతస్తులో ఉత్తరాలు టైపు చేసేవాళ్ళంతా ఆ రెండు మీటలూ దేనికి నొక్కుతారో కూడా తెలుసు. చేసిన తప్పు వెనక్కి తీసుకోవడానికి!

వార్డు కొట్టింది, ఎంటర్. దుప్పట్లు కొట్టింది, ఎంటర్. గౌన్ల ప్రశ్న రాగానే ఏ జవాబూ కొట్టకుండా కంట్రోల్, జెడ్. తెర మీద టోపీ పెట్టుకున్న జెడ్ ప్రత్యక్షమైంది. ఎంటర్ నొక్కింది.

ప్రోగ్రాం ఢామ్మని చచ్చింది. తెర నిండా ఇంగ్లీషు, ముప్ఫై ఒకటో వరస, నల్!

"చచ్చింది! అత్తయ్యా, చచ్చింది!" అని మూటలక్క కుర్చీలోంచి ఎగిరి గంతేసింది. అత్తగారిని వాటేసుకుంది. ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేసే మొగుడు చేతిలో స్క్రూడ్రైవరుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? చచ్చినందుకా ఈ సంబరం?"

"ఎలా చచ్చిందో తెలిసినందుకండీ! ఉత్తరాల్లో కంట్రోల్ జెడ్ అంటే 'వెనక్కి తీసుకో' అని. ఈ నల్లతెర మీద దానర్థం 'నేను చెప్పేది అయిపోయింది, ఇంక నన్నడగొద్దు' అని. మేడం వెనక్కి తీసుకుంటున్నానని అనుకుంటోంది. ఇదేమో మనిషి లేచిపోయిందని అనుకుంటోంది!"

"ఇంకేం మరి! శుక్రవారం సూపర్నెంటు గారికి ఈ ఫోటో చూపించు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తను తప్పు నొక్కి నెలంతా నీ ప్రోగ్రాం మీద పెట్టింది ఆవిడ. తప్పెవరిదో అందరికీ తేలిపోతుంది."

చూపిస్తే కుర్చీ తనది. మూటలక్కకు ఒక్క క్షణం ఆ మాట మహా కమ్మగా వినిపించింది. ఐదుసార్లు నలుగురిలో తల దించుకున్న మనిషి, ఎందుకు వినిపించదు?

అత్తగారే మెల్లగా అంది. "వెనక్కి తీసుకోవాలంటే ముందు తప్పు పడాలి కదే. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తప్పు చెయ్యని మనిషికి తప్పెందుకు పడుతోంది?"

అప్పుడు మూటలక్కకు టీ గ్లాసు గుర్తొచ్చింది. రెండు చేతులతో పట్టుకునే టీ గ్లాసు. ఒక చేత్తో పట్టుకుంటే తొణుకుతుంది గనక. వేలు వణికి ఒక మీట రెండుసార్లు పడితే నాలుగు కాస్తా నలభై నాలుగవుతుంది. వేగంగా కొట్టే చెయ్యి గనక ఎంటర్ కూడా పడిపోయాకే కంటికి తెలుస్తుంది. ఎవరూ చూడకముందే దిద్దేసుకోవాలని గబుక్కున కంట్రోల్ జెడ్. చంపాలని కాదు పాపం, దాచుకోవాలని. సుకుమారమని తనూ అందరితో కలిసి నవ్విన సంగతి తలుచుకుని మూటలక్కకు సిగ్గేసింది.

"ఫోటో చూపించను. తప్పు నాది కూడానండీ. మనిషన్నాక ఏదో ఒక మీట నొక్కుతుంది. నొక్కినంత మాత్రాన చచ్చే ప్రోగ్రాం రాసింది నేనే," అంది చివరికి.

గురువారం డ్యూటీ దిగి రాగానే పనిలోకి దిగింది. మొదట తేలిక దారి పట్టింది. నల్ వస్తే అదే ప్రశ్న మళ్ళీ అడుగు, మంచి జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండు. కంట్రోల్ జెడ్ నొక్కింది, చావలేదు. శభాష్! అదే ఊపులో, పరీక్షించిన ప్రతిసారీ చేత్తో కొట్టే ఓపిక లేక, పాత చీటీల లెక్కలన్నీ ఒకేసారి ఒక ఫైల్లో పెట్టి, కీబోర్డుకు బదులు ఆ ఫైలును ప్రోగ్రాముకు తినిపించింది. అరవై మూటలూ చకచకా అయిపోయాయి. ఫైలు ఖాళీ అయిపోయాక మొదలైంది అసలు తమాషా. వార్డు? వార్డు? వార్డు? వార్డు? తెర నిండా జలపాతంలా అదే ప్రశ్న. ఆగదు. ల్యాప్‌టాప్ ఫ్యాను విమానంలా మోత పెట్టింది.

"ఎవరూ లేని ఇంటి తలుపు ఎన్నిసార్లు కొడుతుందే ఇది?" అని అత్తగారు పడీ పడీ నవ్వింది.

"మీరైతే ఎన్నిసార్లు కొడతారు?"

"మూడుసార్లు. పలక్కపోతే వచ్చిన దారినే పోతాను."

అలాగే రాసింది. వరసగా మూడుసార్లు నల్ వస్తే మనిషి నిజంగానే లేచిపోయినట్టు లెక్క. అప్పటిదాకా ఉన్నది భద్రం చేసి మర్యాదగా మూసెయ్. అసలు ఆఖరున ఒక్కసారి రాయడం కాదు, ఏ మూటకా మూట అవగానే దాచెయ్. అది కూడా చేసింది. మరి ఒక్కసారే నల్ వస్తే? అక్కడ మూటలక్క చాలాసేపు ఆగింది. మళ్ళీ అడిగితే ప్రోగ్రాం బతుకుతుంది, నిజమే. కానీ మేడం కొట్టిన నలభై నాలుగు నలభై నాలుగ్గానే ఉండిపోతుంది. ఆవిడ అడిగింది అది కాదుగా!

ఒక్కసారిగా లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, టకటకా కొట్టడం మొదలెట్టింది. భోజనాల వేళకు అయిపోయింది. అన్నం తింటూ తనలో తనే నవ్వుకుంటోంది.

శుక్రవారం పొద్దున కొత్త ప్రోగ్రాం పెట్టి, కౌంటరు దగ్గర పనిచేసే ముగ్గురినీ పిలిచింది.

"ఒక కొత్త సదుపాయం పెట్టాను. పొరపాటున జవాబు తప్పు పడితే కంట్రోల్ పట్టుకుని జెడ్ కొట్టి ఎంటర్ నొక్కండి. కిందటి జవాబును తీసేసి మళ్ళీ అడుగుతుంది. అందరికీ పొరపాట్లు పడతాయి, నాకైతే రోజుకు పది."

టైపు మేడం చటుక్కున తలెత్తి చూసింది. మూటలక్క కాటా వైపు తిరిగి, తుడిచిన కాటానే మళ్ళీ తుడిచింది.

పదకొండు కొట్టేసరికి సూపర్నెంటు గారు దిగాడు, పక్కనే థియేటర్ సిస్టర్. ఉతికే డ్రమ్ములు తిరుగుతూనే ఉన్నాయి గానీ మనుషులంతా పని ఆపేసి చెవులు ఇటు పడేశారు.

"చెప్పమ్మా. ఎందుకు పోయింది?"

"జవాబు రాకపోతే ఏం చెయ్యాలో దానికి నేను నేర్పలేదు సార్. నా తప్పే. ఇప్పుడు నేర్పాను."

"ఊరికే రాకుండా పోతుందా? ఏదో నొక్కి ఉండాలిగా. ఎవరు నొక్కారు?"

"ఎవరు నొక్కినా చావకూడదు సార్. అది చూసుకోవడమే నా పని."

"నేనడిగింది అది కాదు. పేరు చెప్పు."

మూటలక్క చేతిలోని తుడుపుగుడ్డను నాలుగు మడతలు పెట్టింది. సూపర్నెంటు గారి మొహం బిగుసుకుంది. కిటికీ పక్క కుర్చీ చేతులారా పోగొట్టుకుంటున్నానని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇంట్లో ఛాతీ పట్టుకుని దగ్గే రాత్రులన్నీ గుర్తొచ్చాయి. అయినా పేరు మాత్రం బయటికి రాలేదు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. టైపు మేడం కౌంటరు దగ్గర కూర్చుని కళ్ళజోడు పెట్టుకుంది.

"ఇలా వచ్చి చూడండి సార్," అంది.

వార్డు కొట్టింది. దుప్పట్లు కొట్టింది. గౌన్లు ఎన్ని అన్నచోట, ఎదురుగా ఉన్న మూటలో నాలుగే ఉన్నాయి, వేలు వణికింది, నలభై నాలుగు పడింది. ఎంటర్ కూడా పడింది. అందరూ చూస్తున్నారు. ఊరుకుంటే ఊరుకోవచ్చు, తర్వాత ఎవరూ లేనప్పుడు దిద్దుకోవచ్చు. ఆవిడ కంట్రోల్ పట్టుకుని జెడ్ కొట్టింది. తెర మీద టోపీ పెట్టుకున్న జెడ్ వచ్చింది. ఎంటర్.

"44 తీసేశాను. గౌన్లు ఎన్ని?"

మేడం ఆ వరసను రెండుసార్లు చదువుకుంది. నాలుగు కొట్టింది. ప్రోగ్రాం చల్లగా బరువెంత అని అడిగింది.

"నెలంతా దీన్ని చంపింది నేనే సార్," అంది లేచి నిలబడి. కుడిచెయ్యి ముందుకు చాచింది. అది అందరి ముందూ ఆకులా వణుకుతోంది. "ఏడాదిగా ఇలాగే ఉంది. తీసేస్తారేమోనని ఎవరికీ చెప్పలేదు. తప్పు పడినప్పుడల్లా దాచుకోబోయి ఈ అమ్మాయి పని పాడుచేశాను, పైగా తప్పు తన రాతదేనన్నాను. తనకు ఎలా తెలిసిందో నాకు తెలీదు. తెలిసి కూడా నా పేరు చెప్పలేదు, నా తప్పును దిద్దుకునే దారి ఇందులో పెట్టింది."

సూపర్నెంటు గారు తెర వైపు, చెయ్యి వైపు మార్చి మార్చి చూశాడు. ముందు థియేటర్ సిస్టరే నోరు విప్పింది.

"మళ్ళీ మధ్యలో జవాబు రాకుండా పోతే?"

"మూడుసార్లు అడిగి, ఉన్నది దాచి పడుకుంటుంది సిస్టర్!" అంది మూటలక్క. ఆ సంబరాన్ని గొంతులో దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అయితే నా గౌన్లు దొరుకుతాయి. నాకు ఇదే కావాలి సార్."

సూపర్నెంటు గారు గొంతు సవరించుకున్నాడు. "సరే. చీటీల పుస్తకాలు పైకి పంపించెయ్యండి. సోమవారం నుంచి నువ్వు ఈ కౌంటరే చూసుకో అమ్మా. మేడం రిటైరయ్యేదాకా ఇద్దరూ కలిసి చూసుకోండి." అని రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "చేతిని డాక్టరుకు చూపించుకోండి మేడం, మనది ఆసుపత్రే కదా," అన్నాడు.

లాండ్రీ అంతా ఒక్కసారి గోలెత్తింది. ఇస్త్రీ రోలరు ఆయన ఈల వేశాడు. మూటలక్క నవ్వుతోంది, ఏడుస్తోంది, ఏది ముందో ఆమెకే తెలీదు.

గోల సద్దుమణిగాక ఎవరో టీలు తెచ్చారు. టైపు మేడం అలవాటుగా రెండు చేతులూ చాచి, ఏమనుకుందో ఏమో, ఒకటి వెనక్కి తీసుకుంది. ఒక్క చేత్తోనే గ్లాసు ఎత్తింది. సగం టీ బల్ల మీద ఒలికి, నలగని చీర మీదికి కారింది.

ఆవిడ చీర వైపు చూసుకుని, "కంట్రోల్ జెడ్," అంది.

మూటలక్క పగలబడి నవ్వుతూ పక్కనున్న దొంతరలోంచి ఉతికిన తువ్వాలు లాగి అందించింది. "దానికి తువ్వాలొక్కటే మందు మేడం. తుడుచుకోండి, మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి."